దొరగారి లెక్క

నేను కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చేరింది 1979లో. మొదటి వారంలోనే అనాటమీ మ్యూజియంలో అద్దం వెనక ఉన్న ఆ అస్థిపంజరాన్ని చూశాను. అప్పటికి ఎముకలంటే భయం పోలేదు. సీనియర్ దగ్గర కొనుక్కున్న బోన్ సెట్‌ని హాస్టల్లో మంచం కింద పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకునే రోజులు. ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా ఫార్మలిన్ వాసన అన్నం ముద్దలోకి వచ్చేది. ఒకళ్ల భుజాల మీంచి ఒకళ్లం తొంగి చూస్తుంటే, అక్కడి అటెండర్ తాత మా వెనక నిలబడి అన్నాడు.

"ఈయన దొరగారు బాబూ. దిక్కులేక వచ్చినోడు కాదు. తనంతట తనే రాసిచ్చేశాడు."

డిసెక్షన్ హాల్లో మేం చూసినవాళ్లంతా ఎవరూ లేక, ఎవరూ రాక, అక్కడికి చేరినవాళ్లు. పేర్లు ఉండేవి కావు. ఈయనకు పేరుంది. జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. 1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయారు. తన శరీరం మా కాలేజీకి చెందాలని రాసి వెళ్లారు. ఆ వీలునామాలో ఏముందో మా మాస్టారు ఒకరోజు క్లాసులో చెప్పారు. బతికుండగానే నా శరీరాన్ని పరిశోధనకీ బోధనకీ వాడాను, పోయిన తర్వాత నేను ఎక్కడైనా ఉన్నా లేకున్నా దానితో నాకు పనుండదు, కాబట్టి మిగతావాళ్లు వాడుకోవాలి, పాడవకుండా చల్లగా ఉంచడానికయ్యే ఖర్చు ముందు నా ఆస్తిలోంచి తీయాలి. ఇదీ దాని సారాంశం. క్లాసు మొత్తం నిశ్శబ్దంగా వింది.

నన్ను పట్టుకున్నది మాత్రం వీలునామా కాదు. ఆయన ఎవరని అడిగితే మాస్టారు చెప్పిన మాట, జన్యుశాస్త్రవేత్త. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఏది ఎలా వస్తుందో లెక్క కట్టిన మనిషి. ఆ లెక్కతో నాకు ఇంటి దగ్గర పనుంది.

మా అక్కకు పుట్టుకతోనే చెవుడు. మాట కూడా రాలేదు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా అమ్మ మా నాన్నకు సొంత అక్కకూతురు. అంటే మా అమ్మమ్మే నాకు మేనత్త, మా నాన్నమ్మే మా అమ్మకు అమ్మమ్మ. కొత్తవాళ్లకు చెబితే తికమకపడతారు గానీ మా ఊళ్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో. అక్క అలా పుట్టడానికి కారణం ఏమిటంటే ఇంట్లో రెండు మాటలు వినబడేవి. ఒకటి పూర్వజన్మ పాపం. రెండోది గ్రహణం. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టిన పూట తెలియక కూర తరిగానని అమ్మ తనే చెప్పుకునేది. ఎన్నిసార్లు చెప్పుకుందో! నాన్న ఏం తరిగాడని ఎవరూ అడగలేదు.

ఆ సంవత్సరం నుంచి హాల్డేన్ గురించి ఎక్కడ ఏది దొరికినా చదివాను. లైబ్రరీలో ఆయన వ్యాసాల పుస్తకం ఒకటి ఉండేది, అట్ట ఊడిపోయి. మొదట నా ఇంగ్లీషుకి అందలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

ఆయన తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాస గురించి పరిశోధించిన పెద్ద శాస్త్రవేత్త. గనుల్లో మనుషులు ఏ వాయువు వల్ల చచ్చిపోతున్నారో తెలుసుకోవడానికి స్వయంగా గనుల్లోకి దిగేవారు. కొడుకుని కూడా తీసుకెళ్లేవారు. ఒకసారి గనిలో ఒకచోట, స్కూల్లో నేర్చుకున్న ఒక ప్రసంగాన్ని నిలబడి అప్పజెప్పమన్నారట. కుర్రాడు మొదలుపెట్టాడు. కొన్ని వాక్యాలకే ఊపిరాడక కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. నేల మీద పడగానే ఊపిరి ఆడింది. గనిలో పుట్టే ఆ మీథేన్ గాలి కంటే తేలిక, అందుకే పైన పేరుకుంటుంది, కింద మంచి గాలి ఉంటుంది. ఈ పాఠం ఆయన జీవితాంతం మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. నా పిల్లల్ని అలా గనిలోకి దింపే ధైర్యం నాకు లేదు గానీ, ఆ తండ్రిని తప్పుపట్టాలని కూడా నాకెప్పుడూ అనిపించలేదు.

తర్వాత ఈటన్ స్కూలు, ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజ్. చదివింది గణితం, ఆ పైన గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం. సైన్సులో డిగ్రీ లేదు. ప్రపంచంలో ఇంత పేరున్న జీవశాస్త్రవేత్తకు సైన్సు డిగ్రీ లేదన్న సంగతి మా బ్యాచ్‌లో ఎవరూ నమ్మలేదు. జన్యుశాస్త్రం మాత్రం ఇంట్లోనే మొదలైంది. చెల్లెలు నయోమీ గినీ పందుల్ని పెంచేది, ఆ తర్వాత ఎలుకల్ని పెంచారు. అన్నాచెల్లెళ్లు, ఇంకో మిత్రుడు స్ప్రంట్ కలిసి ఆ ఎలుకల రంగుల్లో రెండు లక్షణాలు జంటగా నడుస్తున్నాయని చూపించారు. వెన్నెముక ఉన్న జంతువుల్లో జన్యువులు ఒకే క్రోమోజోమ్ మీద, అంటే జన్యువులు వరసగా ఉండే ఒకే దారం మీద, కలిసి ప్రయాణిస్తాయనడానికి తొలి రుజువుల్లో అదొకటి. 1915లో అది అచ్చయ్యేసరికి స్ప్రంట్ యుద్ధంలో చనిపోయారు. హాల్డేన్ కూడా అదే యుద్ధంలో ఉన్నారు, గాయపడ్డారు, కోలుకోవడానికి కొన్నాళ్లు మన దేశానికి వచ్చారు. మళ్లీ రావాలన్న కోరిక అప్పుడే పుట్టింది.

1923 నుంచి 1932 దాకా కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ రీడర్. ఎంజైముల వేగం లెక్కగట్టే బ్రిగ్స్-హాల్డేన్ సమీకరణం 1925 నాటిది. ఫస్టియర్లో బయోకెమిస్ట్రీ పరీక్ష కోసం దాన్ని బట్టీ పట్టాం, మ్యూజియంలోని మనిషి రాసిందని తెలియకుండానే. అదే కాలంలో 1924 నుంచి ప్రకృతి వరణాన్ని, అంటే పరిసరాలకు తగినవే ఎక్కువ సంతానాన్ని మిగులుస్తాయన్న డార్విన్ సూత్రాన్ని, గణితంలోకి దించుతూ వరసగా వ్యాసాలు రాశారు. డార్విన్ చెప్పింది నిజమే అయితే ఎంత కాలంలో ఎంత మార్పు రావాలి? ఈ ప్రశ్నకు ఆయన ఎంచుకున్న ఉదాహరణ ఇంగ్లండులోని ఒక రకం చిమ్మట. మాంచెస్టర్ దగ్గర 1848లో నల్లవి అరుదు. ఫ్యాక్టరీల మసి చెట్లకు పట్టాక, ఆ శతాబ్దం అయిపోయేసరికి దాదాపు అన్నీ నల్లవే. ఇంత తొందరగా మారాలంటే నల్ల చిమ్మట తెల్లదాని కంటే సుమారు ఒకటిన్నర రెట్లు సంతానాన్ని మిగిల్చి ఉండాలని ఆయన కాగితం మీద తేల్చారు. అప్పటిదాకా అంత బలమైన వరణం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. తర్వాత అడవుల్లోకి వెళ్లి చూసినవాళ్లకు వరణం అంత బలంగానూ పని చేస్తుందని తెలిసింది.

రోనాల్డ్ ఫిషర్, సూవల్ రైట్, హాల్డేన్. పరిణామానికి గణితపు పునాది వేసింది ఈ ముగ్గురని పుస్తకాలు చెబుతాయి. 1933లో హాల్డేన్ లండన్ యూనివర్సిటీ కాలేజీకి వెళ్లారు, జన్యుశాస్త్ర ప్రొఫెసర్‌గా. అక్కడే హీమోఫీలియా లెక్క.

ఈ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. పిల్లల డాక్టరుగా నా బతుకంతా దాని చుట్టూనే తిరిగింది.

హీమోఫీలియా ఉన్న మగపిల్లవాడికి చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగదు. ఆ రోజుల్లో చాలామంది పెద్దవాళ్లు కాకుండానే, పిల్లల్ని కనకుండానే చనిపోయేవారు. అంటే ప్రతి తరంలోనూ ఆ చెడ్డ జన్యువులు కొన్ని వాళ్లతో పాటే మట్టిలో కలిసిపోతున్నాయి. ఆ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. ఆడవాళ్లకు రెండు, మగవాళ్లకు ఒకటి, కాబట్టి ఊళ్లోని మొత్తం ఎక్స్‌లలో మూడో వంతు మగవాళ్ల దగ్గర ఉంటాయి. అంటే తరానికి సుమారు మూడో వంతు చెడ్డ జన్యువులు తగ్గిపోవాలి. కొన్ని తరాలకు ఆ జబ్బే కనిపించకూడదు. కానీ కనిపిస్తూనే ఉంది! పోయినవి పోతున్నా సంఖ్య తగ్గడం లేదంటే, అన్ని కొత్తగా పుడుతున్నాయన్న మాట. చెరువులో నీటి మట్టం మారకుండా ఉంటే, తూము గుండా పోయే నీళ్లను కొలిస్తే చాలు, వచ్చే నీళ్లెన్నో తెలిసిపోతుంది. అలా మనిషి జన్యువు ఎంత తరచుగా మారుతుందో ఆయన తేల్చారు. తరానికి యాభై వేలలో ఒకటి, దాదాపు. 1935 నాటి ఆ వ్యాసానికి ఆయన వాడింది జబ్బుపడినవాళ్ల లెక్క, ఒక పెన్సిలు. అప్పటికి డీఎన్ఏ నిర్మాణమే తెలియదు.

పీజీలో ఉండగా ఒక రాత్రి డ్యూటీలో, మోకాలు వాచి నొప్పితో ఏడుస్తున్న హీమోఫీలియా బాబుని తీసుకొచ్చారు. తల్లి "మా వంశంలో ఎవరికీ లేదండీ, నాకే ఎందుకు వచ్చింది?" అని పదేపదే అడిగింది. పక్కనున్న అత్తగారి మొహం చూస్తే ఆ ప్రశ్న ఎవరు నేర్పారో అర్థమైంది. కొందరిలో అది అప్పుడే కొత్తగా పుట్టొచ్చమ్మా, ఎవరి వంశంలోనూ ఉండక్కర్లేదు అని చెప్పాను. ఆ రాత్రి ఆ మాట చెప్పగలిగానంటే అది దొరగారి చలవే.

శరీరాన్ని బతికుండగానే వాడానని వీలునామాలో రాసింది మాట వరసకు కాదు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడ్ తాగి రోజుల తరబడి ఆయాసపడ్డారు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, లోపల గాలి చెడినప్పుడు, పీడనం మారినప్పుడు మనిషికి ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇనుప గదిలో తన్ను తాను మూయించుకున్నారు. ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్చి ఫిట్స్ తెచ్చుకున్నారు. ఆ ఫిట్స్‌లో వెన్నుపూసలు దెబ్బతిని, ఆ నొప్పి చివరిదాకా ఉంది. ఇది చదివిన మర్నాడు మళ్లీ మ్యూజియానికి వెళ్లి ఆ వెన్నెముకను పై నుంచి కింద దాకా చూశాను. దెబ్బ ఎక్కడుందో పట్టుకునేంత చదువు నాకింకా రాలేదు. చాలాసేపు మాత్రం నిలబడ్డాను. పీడనం వల్ల కర్ణభేరికి చిల్లు పడటం గురించి కూడా ఆయన రాశారు. సాధారణంగా మానిపోతుందట. మానకపోతే కాస్త చెవుడు వస్తుంది గానీ ఆ చెవిలోంచి సిగరెట్ పొగ వదలొచ్చు, నలుగురిలో చూపించడానికి పనికొస్తుంది అని.

అన్నీ మెచ్చుకోదగినవే కావు. ఆయన కమ్యూనిస్టు, దాన్ని నేను తప్పనను. కానీ సోవియట్ రష్యాలో లైసెంకో అనే వ్యవసాయవేత్త జన్యుశాస్త్రాన్నే కాదన్నప్పుడు, తనను ఆ దేశానికి ఆహ్వానించిన జన్యుశాస్త్రవేత్త వావిలోవ్ జైల్లో చనిపోయాక కూడా, హాల్డేన్ గట్టిగా విడిపోవడానికి ఏళ్లు పట్టింది. ఇది చదివినప్పుడు సొంత మనిషి తప్పు చేసినట్టు బాధపడ్డాను. ఇప్పటికీ బాధే.

1957లో, అరవై నాలుగేళ్ల వయసులో, లండన్‌లో ప్రొఫెసర్ పదవి వదిలేసి, గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద, ఆయన స్థాపించిన కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేశారు. భార్య హెలెన్ స్పర్వే కూడా జన్యుశాస్త్రవేత్తే, ఆమె కూడా వచ్చారు. బ్రిటన్ సూయజ్ కాలువ మీద దాడి చేసినందుకు నిరసన అన్నారు. అరవై ఏళ్లు సాక్సులు తొడిగాను, ఇక చాలన్నారు. మన బట్టలు కట్టారు, మాంసం మానేశారు, మన దేశ పౌరుడయ్యారు.

ఇక్కడి కుర్రవాళ్లకు ఆయన పెట్టిన పని నాకు అన్నిటికంటే ఇష్టం. ఖరీదైన మిషన్లు లేవని కూర్చోవద్దు, మీ చుట్టూ ఉన్నవాటిని చూడండి, లెక్కపెట్టండి, జంతువుల్ని చంపకుండా కూడా జీవశాస్త్రం చెయ్యొచ్చు అని. ఎస్.కె. రాయ్ పారిజాతం పూలకు రేకలెన్నో లెక్కపెట్టారు, అన్నిటికీ ఒకే సంఖ్య ఉండదు. టి.ఎ. డేవిస్ కొబ్బరిచెట్లలో మట్టలు ఎడమకు తిరుగుతాయా, కుడికి తిరుగుతాయా అని వేల చెట్లు చూశారు. అది తల్లి చెట్టు నుంచి పిల్ల చెట్టుకు వచ్చే గుణం కాదని తేల్చారు. నేను సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు పొద్దున్నే పారిజాతం కింద రాలిన పూలు ఏరి రేకలు లెక్కపెట్టేవాణ్ణి. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. అక్క నన్ను చూసి తనూ కూర్చునేది. ఆమెకు అంకెలు చెప్పేవాళ్లు ఎవరూ లేరు, బడికి పంపలేదు. కానీ రెండు రోజుల్లో ఆరు రేకలవి ఒక కుప్ప, ఏడు రేకలవి ఒక కుప్ప, తప్పులేకుండా పెట్టేది. బడి లేకుండా ఆమె పోగొట్టుకున్నదేమిటో నాకు తెలిసింది ఆ కుప్పల దగ్గరే.

మా వైపు గర్వంగా చెప్పుకునే సంగతి ఒకటుంది. హాల్డేన్ దగ్గర పరిశోధన చేసి, తర్వాత ఆయన జీవితచరిత్ర రాసిన ద్రోణంరాజు కృష్ణారావు గారిది పిఠాపురం. మగవాళ్ల చెవి అంచుల మీద మొలిచే పొడుగు వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి, వై క్రోమోజోమ్ మీదుగా వస్తాయని ఆయన 1960లో కుటుంబాల పటాలతో రాశారు. మా పెదనాన్నగారి చెవులకు కుచ్చుల్లా ఉండేవి. సెలవుల్లో ఆయన కొడుకుల చెవులు పరీక్షించడానికి వెంటపడ్డాను. ఒకడికి ఉంది, ఒకడికి లేదు, మూడోవాడు దగ్గరికి రానివ్వలేదు. చాలా ఏళ్ల తర్వాత, 2004లో, దక్షిణ భారతంలోని అలాంటి మగవాళ్ల డీఎన్ఏ చూసినవాళ్లు అది వై మీదుగా రావడం లేదని తేల్చారు. సైన్సులో అది మామూలే. ప్రశ్న వేసినవారు మా ఊరి పక్కవారు కావడం నాకిప్పటికీ ఆనందమే.

అదే ద్రోణంరాజు గారు, డాక్టర్ పి. మీరాఖాన్ గారు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద పని చేశారు. ఎంతమంది చేసుకుంటున్నారు, దాని ఫలితాలేమిటి అన్న వ్యాసం 1963లో వచ్చింది. మీరాఖాన్ గారు తర్వాత హాలండులోని లైడెన్‌లో పేరున్న జన్యుశాస్త్రవేత్త అయ్యారు. ఆ వ్యాసాల సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. గ్రహణం కాదు, పాపం కాదు, మా ఇంటి సంగతిని ఎవరో ఒక పట్టికలో పెట్టి చూశారు. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే బిడ్డకు ఏ జన్యువైనా రెండు పక్కల నుంచీ ఒకే పూర్వీకుల కాపీ వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లలు చేసుకుంటే పదహారింట ఒకటి. మేనరికం చెడ్డ జన్యువుని పుట్టించదు. ఉన్నవాటిని ఒకచోటికి చేరుస్తుంది, అంతే.

1985లో నా హౌస్ సర్జన్సీ అవుతుండగా, ఇంట్లో నాకు సంబంధం ఖాయం చేశారు. మా మేనమామ కూతురు. మంచి పిల్ల, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అప్పుడే అమ్మకు చెప్పాలనిపించింది. ఎలా చెప్పాలో తెలియక చాలా టెన్షన్ పడ్డాను. ఆయన పోయిన ఏడాదే హాల్డేన్ ఒక వ్యాసం రాశారు. మీ జన్యుశాస్త్రం సంచిలో చిక్కుడు గింజల లెక్కలాంటిదని ఎద్దేవా చేసినవాళ్లకు జవాబుగా, ఆ గింజల లెక్కను సమర్థిస్తూ రాసింది. నాకు అది గుర్తొచ్చింది. మా ఇంట్లో అష్టాచెమ్మా ఆడే చింతపిక్కలు ఉన్నాయి, ఒక డబ్బా నిండా. నల్లవి కొన్ని, అరగదీసిన తెల్లవి కొన్ని తీసుకుని వరండాలో చాప మీద పరిచాను. అమ్మ, నాన్న, అక్క, అందరూ ఉన్నారు.

"ప్రతి మనిషి దగ్గరా రెండు పిక్కలుంటాయమ్మా. రెండూ తెల్లవైతేనే చెవుడు. ఒకటి తెల్లదైతే ఏమీ తెలియదు" అన్నాను. నాన్నమ్మ దగ్గరో తాతయ్య దగ్గరో ఒక తెల్లపిక్క ఉందనుకుందాం. అది వాళ్ల పెద్దమ్మాయికి, అంటే అమ్మమ్మకు వచ్చింది. కొడుక్కి, అంటే నాన్నకూ వచ్చింది. అమ్మమ్మ నుంచి అమ్మకు. ఇప్పుడు అమ్మ దగ్గర ఒక నల్లది, ఒక తెల్లది. నాన్న దగ్గరా అంతే. బిడ్డకు ఇద్దరూ ఒక్కొక్కటి ఇస్తారు. నాలుగు రకాలుగా పడొచ్చు. అందులో ఒకదానిలో రెండూ తెల్లవి.

అమ్మ ఆ రెండు తెల్లపిక్కల్నీ చాలాసేపు చూసింది.

"అయితే గ్రహణం కాదన్నమాట."

"కాదమ్మా."

"మీ నాన్నది కూడా ఉందంటావా ఇందులో?"

"సగం నీది, సగం నాన్నది."

నాన్న ఏమీ అనలేదు. కండువా భుజం మీంచి తీసి మళ్లీ వేసుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అమ్మ ఒక్కతే మోసిన బరువులో సగం ఆ సాయంత్రం నాన్న భుజం మీదికి వెళ్లడం నా కళ్లతో చూశాను. ఆయన దాన్ని కాదనలేదు కూడా. అందుకు ఆయన మీద నాకున్న గౌరవం పెరిగింది.

తర్వాత అమ్మ అడిగింది, "మరి నీ దగ్గరుందా?"

నాకు చెవుడు లేదు, కాబట్టి రెండు తెల్లవి నాకు రాలేదు. మిగిలిన మూడు రకాల్లో రెండింట్లో ఒక తెల్లపిక్క ఉంది. నా దగ్గర ఉండే అవకాశం మూడింట రెండు. మామయ్య దగ్గర ఉండే అవకాశం సగం, ఆయన కూతురి దగ్గర అందులో సగం, అంటే నాలుగింట ఒకటి. ఇద్దరి దగ్గరా ఉంటే బిడ్డకు రెండూ తెల్లవి పడే అవకాశం మళ్లీ నాలుగింట ఒకటి. మూడూ కలిపి గుణిస్తే ఇరవై నాలుగింట ఒకటి.

"ఇరవై నాలుగింట ఒకటేగా" అన్నాడు నాన్న, ఊరట పడుతున్నట్టుగా.

"ఆ ఒక్కటీ ఎవరి ఒళ్లో పడితే వాళ్లకి తెలుస్తుంది" అంది అమ్మ.

ఆ సంబంధం ఆమే స్వయంగా వెళ్లి వద్దని చెప్పి వచ్చింది. మామయ్య రెండేళ్లు మా గడప తొక్కలేదు. ఆ అమ్మాయికి వేరే చోట పెళ్లయింది, సుఖంగా ఉంది. మేం ఇలా మాట్లాడుకుంటుంటే అక్క మాత్రం చాప మీది పిక్కల్లో నల్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు చేర్చి డబ్బాలో పోసేసింది. ఆ మాటలన్నీ తన గురించేనని ఆమెకు తెలుసో లేదో, అప్పుడు నేను చెప్పలేదు.

ఆ తర్వాత రంపచోడవరం ఏజెన్సీలో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బున్న పిల్లలు, మలేరియా పిల్లలు ఒకే ఓపీ లైన్లో నిలబడేవారు. 1949లో హాల్డేన్ తలసేమియా అనే అలాంటి ఇంకో రక్తపు జబ్బు గురించి ఆలోచిస్తూ, ఆ జన్యువు ఒక్క కాపీ ఉన్నవాళ్లను అది మలేరియా నుంచి కాపాడుతుందేమో, అందుకే మలేరియా ఉన్న చోట్ల ఆ జన్యువు నిలిచిందేమో అన్నారు. సికిల్ సెల్ విషయంలో ఆంథనీ ఆలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికా నుంచి దానికి రుజువు తెచ్చారు. నేను అక్కడ ప్రతి కేస్ షీట్ వెనకా వంశపటం గీసేవాణ్ణి, మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. ఒక ముసలమ్మ నేను గీస్తుంటే చూసి, "పోయినోళ్లని కూడా రాయి బాబూ, నాకు ఏడుగురు" అంది. రాశాను. నాలుగింటి మీద అడ్డగీత పెట్టాల్సి వచ్చింది.

2004లో మా బ్యాచ్ ఇరవై అయిదేళ్ల కలయికకు కాకినాడ వెళ్లినప్పుడు అక్కను వెంట తీసుకెళ్లాను. అమ్మ అప్పటికి లేదు. అక్క నా దగ్గరే ఉంటోంది. అటెండర్ తాత కూడా లేడు. వేరే అబ్బాయి తాళం తీశాడు. అక్క లోపలికి రావడానికి ముందు కాస్త జంకింది, తర్వాత నా మోచెయ్యి పట్టుకుని వచ్చింది.

అద్దం దగ్గర ఆగి, ఎవరని చేత్తో అడిగింది. మా ఇద్దరికీ మాత్రమే తెలిసిన సైగలు మావి. చాప మీద పిక్కలు పరవడం చూపించాను. నలుపు, తెలుపు. ఆమె వెంటనే తలూపింది. అంటే ఆ సాయంత్రం ఆమెకు గుర్తుంది. ఆ లెక్క నేర్పింది ఈయనే అన్నాను సైగతో. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. ఇంకేం చెప్పాలో తోచక, ఆయన రాసిన కర్ణభేరి సంగతి గుర్తొచ్చి, నా చెవి చూపించి, కాస్త వినపడక పోయినా ఫర్వాలేదన్న మనిషి అని చెయ్యి ఊపాను.

అక్క తన చెవిని తాకింది. తర్వాత ఆ చెయ్యి తీసి అద్దం మీద, ఆయన చెవి ఉండాల్సిన చోటికి ఎదురుగా ఆనించి, నేను పిలిచేదాకా అలాగే ఉంది.